వెండి నాణెములపై టంకశాల లోపములు: గుర్తించు విధానము

నాణెములలో చెలామణి కొరకు ముద్రింపబడేవి కొన్ని. వాటిలోని లోహపు విలువ కొరకే కొనబడేవి మరికొన్ని. ఈ రెండవ రకమును బులియన్ నాణెములంటారు. 1986లో వెలువడిన అమెరికా వారి సిల్వర్ ఈగిల్, 1988లో వెలువడిన కెనడా వారి వెండి మేపుల్ లీఫ్ ఈ కోవకు చెందినవి. ఒక్కొక్కదానిలో ఒక ట్రాయ్ ఔన్సు, అనగా సుమారు 31.1 గ్రాముల మేలిమి వెండి ఉంటుంది. ఇటువంటి నాణెముపై చిన్న గీత కనబడినా కొందరు విక్రేతలు దానిని టంకశాల పొరపాటుగా పేర్కొని, వెండి ధరను మించిన మూల్యం అడుగుతారు. అది న్యాయమైన మూల్యమో కాదో తేల్చుకొనుటకు ముద్రణా విధానం కొంత తెలిసి ఉండాలి.

చదునైన వెండి బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల నడుమ ఉంచి, యంత్రం తీవ్రమైన ఒత్తిడితో అదుముతుంది. అచ్చులో పల్లముగా ఉన్నది నాణెముపై ఉబ్బెత్తుగానూ, అచ్చులో ఉబ్బెత్తుగా ఉన్నది నాణెముపై పల్లముగానూ పడుతుంది. పరీక్షకు ఈ సూత్రమే మూలాధారం.

అచ్చు పగిలితే ఆ పగులులోనికి వెండి చొచ్చుకొనిపోయి, నాణెముపై ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. అచ్చులో చిన్న పెచ్చు ఊడితే అక్కడ బొడిపె ఏర్పడుతుంది. కావున ఉబ్బెత్తు గీత తరువాత తగిలిన గీరుడు కాజాలదు. పల్లపు గీత విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గీరుడైతే గాడి ఒడ్డున లోహం పైకి లేచి ఉంటుంది. ముద్రణ వేళ బిళ్ళపై దారపు పోగు పడి ఉంటే, దాని ఆకారం ఒడ్డు లేవకుండా శుభ్రంగా దిగుతుంది. అచ్చులోని అక్షరపు గుంటలో గ్రీజు నిండితే ఆ అక్షరం మసకగా పడుతుంది. కాని చుట్టూ ఉన్న మెరుపు చెదరదు.

మేపుల్ లీఫ్‌పై కానవచ్చే పాలవంటి తెల్లని మచ్చలు అచ్చు లోపములు కావు. లోహపు ఉపరితలంపై తేలే మరకలు మాత్రమే. వాటిని నివారించుటకు కెనడా టంకశాల 2018లో ప్రత్యేక ప్రక్రియను ప్రవేశపెట్టింది.

ఒక్కొక్కసారి తేడా ఒకే అక్షరంలో దాగి ఉంటుంది. 2008లో వెస్ట్ పాయింట్ టంకశాల సేకర్తల కొరకు ముద్రించిన సిల్వర్ ఈగిల్ నాణెములలో సుమారు 47,000 నాణెముల బొరుసు వైపు 2007 నాటి అచ్చుతో పడింది. 'యునైటెడ్' అను పదంలోని 'యు' అక్షరపు కుడి ప్రక్క, అడుగున, కొత్త అచ్చులో చిన్న మొన ఉంటుంది. పాత అచ్చులో ఉండదు.

పొరపాటు కాకున్నా, అచ్చు మార్పు వల్లనే ఏర్పడిన ఇటువంటి భేదం మన హైదరాబాదు వెండి రూపాయలోనూ ఉన్నది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రూపాయపై చార్మినార్ ద్వారం నడుమ ఆయన నామంలోని తొలి అక్షరమైన 'ఐన్' ఉంటుంది. ఆయన పాలన తొలినాటి కొన్ని నాణెములలో అది అసంపూర్ణంగానూ, అనంతర కాలపు వాటిలో సంపూర్ణంగానూ కానవస్తుంది. ఉర్దూ లిపి ఎరిగిన విద్యార్థులు దీనిని సులభంగా గుర్తింపగలరు.

పరీక్షకు పది రెట్లు పెంచి చూపే భూతద్దం, సున్నితమైన త్రాసు చాలును. నాణెమును అంచులతోనే పట్టుకొనాలి, తోమరాదు. తూకం తగ్గితే దానిని లోపముగా సంబరపడక, నకిలీ యేమోనని శంకించాలి. అదే సంవత్సరపు మరొక నాణెముపై అదే చోట అదే గీత కనబడితే, అది అచ్చు నుండి వచ్చినదేనని దృఢపడుతుంది. వెండి ధరను మించి చెల్లించే ప్రతి రూపాయి ఒక నమ్మకానికి చెల్లించే మూల్యం. ఆ నమ్మకం విక్రేత మాటపై గాక, మన పరిశీలనపై నిలవడం మేలు.