సాయిల్ కార్డు చెప్పని సంగతి: పొలంలో సీసం, కాడ్మియం

ఉరవకొండ: మట్టి పరీక్ష చేయించి సాయిల్ హెల్త్ కార్డు తెచ్చుకున్న రైతు ఇక తన నేలకు ఢోకా లేదనుకుంటాడు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ఈ కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్, ఇనుము, ఉప్పు శాతం లాంటివి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అందులో లేవు. పైరుకు తిండి ఎంతుందో కార్డు చెబుతుంది. విషం ఉందా అన్నది మాత్రం విడిగా పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

వీటిని భార లోహాలంటారు. లోహం కుళ్లదు, విరిగిపోదు. ఏటా జమ అవుతూనే ఉంటుంది, ఖర్చయ్యేది చాలా తక్కువ. రంగు, వాసన ఉండవు కాబట్టి చూస్తే తెలీదు.

ఎలా చేరతాయి?

ఫ్యాక్టరీ నీళ్లు, మురుగు కాలువలు, ఊరి చెత్తతో చేసిన ఎరువు, పగలగొట్టిన పాత బ్యాటరీలు ముఖ్యమైన దారులు. భాస్వరం ఎరువులు తయారుచేసే రాతిలోనూ కాడ్మియం కొద్దిగా ఉంటుంది.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో జరిగింది ఇదే. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి బావుల్లోకి, పొలాల్లోకి చేరాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు జోక్యంతో రైతులకు నష్టపరిహారం వచ్చింది. అయితే పరిహారం అందినంత మాత్రాన మట్టి బాగుపడదు.

ఒంట్లో ఏం చేస్తాయి?

తిన్న సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దల కంటే 4–5 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. దెబ్బ మెదడు ఎదుగుదల మీద పడుతుంది. కాడ్మియం కిడ్నీల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. జపాన్‌లో గని నీళ్లు పారిన వరి తిన్నవాళ్లకు ఎముకలు విరిగే జబ్బు వచ్చింది. అది కాలుష్యం వల్లేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

ఉరవకొండ సంగతేంటి?

ఇక్కడ పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడ లేదు. సున్నం ఉన్న నల్లరేగడి సీసాన్ని, కాడ్మియాన్ని చాలావరకు పట్టి ఉంచుతుంది, పైరుకు అంత సులువుగా వదలదు. ఇది మంచి మాటే. కానీ మనం వేసే వేరుశనగ, పొద్దుతిరుగుడు కాడ్మియాన్ని కాస్త ఎక్కువగా లాగే పంటలు. అందుకే కొత్తగా చేరకుండా చూసుకోవడమే తెలివి.

• మురుగునీటితో పుదీన, కొత్తిమీర, పాలకూర పెంచొద్దు. కాయల కంటే ఆకులు, దుంపల్లోనే లోహాలు ఎక్కువ చేరతాయి.
• మురుగు కాలువ గట్ల గడ్డి మేకలకు, బర్రెలకు వేయొద్దు. కాడ్మియం వాటి కలేజా, గుర్దాల్లో పేరుకుంటుంది.
• ఊరి చెత్త కంపోస్టు కొనేటప్పుడు ల్యాబ్ రిపోర్టు అడగాలి. రూల్ ప్రకారం కిలోకు సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు.
• భాస్వరం ఎరువు కార్డులో చెప్పినంతే వేయాలి.
• పొలంలో బ్యాటరీలు, వైర్లు కాల్చొద్దు.
• ఆకుకూరలు మట్టి పోయేదాకా కడగాలి, దుంపలు తొక్క తీయాలి. ఆకు లోపలికి చేరిన లోహం మాత్రం కడిగినా పోదు.

అనుమానం ఉంటే లోహాల పరీక్ష ఎక్కడ చేస్తారో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు. నమూనా ఇచ్చేటప్పుడు "సీసం, కాడ్మియం కూడా చూడండి" అని చెప్పి రాయించుకోవాలి.