పెన్‌డ్రైవు మాట నమ్మవచ్చునా?

పాఠశాల కంప్యూటరుకు పెన్‌డ్రైవును తగిలించిన కొద్ది క్షణములలో తెరపై దాని పేరు కనబడును. ఈలోగా ఆ రెంటి నడుమ ఒక సంభాషణ జరుగును. “నీవెవరు?” అని కంప్యూటరు ప్రశ్నించగా, పరికరము 18 బైట్ల పరిచయపత్రమును పంపును. ఈ సంభాషణను నడపు ప్రోగ్రామునకు డ్రైవరు అని పేరు. దీనికి ఆధారమైన యు.ఎస్.బి. ప్రమాణము మొదట 1996లో వెలువడినది.

పిదప పరికరము తన అమరికను వివరించును. పెన్‌డ్రైవు వివరము సాధారణముగా 9, 9, 7, 7 బైట్ల నాలుగు భాగములు, మొత్తము 32. ప్రతి భాగమును తన పొడవును మొదటి బైటులో తానే చెప్పుకొనును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. చెడ్డ పరికరమొకటి చివరి 7కు బదులు 70 అని చెప్పినదనుకొందము. మొదటి మూడు భాగములు 25 బైట్లు. 25, 70 కలిసి 95. డ్రైవరు ఆ మాట నమ్మినచో, తనకు చెందని 63 బైట్లను చదువును. డ్రైవరు సాధారణముగా ఆపరేటింగ్ సిస్టము గర్భములోనే పనిచేయును గనుక, కంప్యూటరు మొత్తము స్తంభించవచ్చును, లేదా రహస్యములు బయటపడవచ్చును.

జవాబు పత్రముపై “అదనపు కాగితములు 10” అని వ్రాసియున్నను, పరీక్షకుడు వానిని లెక్కించియే నమ్మును గదా! డ్రైవరు చేయవలసినదియు అదే.

అందుచే లినక్సు వంటి వ్యవస్థలలో డ్రైవరునకు ఎవరైన సవరణ ప్రతిపాదించినచో, ఇతర నిపుణులు దానిని పంక్తి పంక్తి చదువుదురు. చెప్పిన పొడవును మిగిలిన బైట్లతో చదువుటకు ముందే పోల్చినారా? పొడవు సున్న అయినచో ముందుకు జరుగక అదే చోట తిరుగుచుండునా? నడుమ పరికరమును ఊడబెరికినచో తీసికొనిన మెమొరీని తిరిగి ఇచ్చుచున్నదా? వీనికి సమాధానము లభించినగాని సవరణ అంగీకరింపబడదు.

ఇంత జాగ్రత్తయు చాలదని 2017 నవంబరులో తేలినది. గూగుల్ పరిశోధకుడు ఆండ్రే కొనొవలోవ్, సిజ్‌కాలర్ అను పరీక్షా సాధనముతో తాను లినక్సు యు.ఎస్.బి. డ్రైవర్లలో కనుగొనిన 14 లోపములను ప్రకటించెను. మనిషి ఊహకు అందని తప్పుడు జవాబులను యంత్రము అలుపులేక పుట్టించి చూచును. నేడు మనుష్యుని పరిశీలనయు, యంత్రపరీక్షయు రెండును అవసరమే.

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు హైదరాబాదు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు పరిశ్రమ విస్తరించినది. చిప్పులు రూపొందించు సంస్థలును అచ్చట కలవు. ఆ వృత్తిలో ప్రవేశింపగోరు విద్యార్థి క్రొత్త పంక్తులు వ్రాయుటతోపాటు, ఇతరులు వ్రాసినదానిని ఓర్పుతో ప్రశ్నించుటయు అలవరచుకొనవలెను.