విదేశీ స్ట్రైకర్ గోల్ కొట్టకపోతే తప్పెవరిది? హైదరాబాద్ ఫుట్‌బాల్ చెప్పే లెక్క

ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆరు సీజన్లు ఆడింది. అందులో ఒకసారి విజేతగా నిలిచింది. రెండుసార్లు పట్టికలో అట్టడుగున మిగిలింది. గెలిచినప్పుడు పొగడ్తలన్నీ ఎవరికి దక్కాయో, ఓడినప్పుడు తిట్లన్నీ కూడా ఆ స్థానంలో ఆడేవారికే దక్కాయి. ఆ స్థానం విదేశీ స్ట్రైకర్‌ది.

'పేరు చూసి తెచ్చారు, కాలు కదలడం లేదు' అన్నది భారత ఫుట్‌బాల్ అభిమానులు ప్రతి సీజన్‌లోనూ ఏదో ఒక క్లబ్ గురించి అనే మాటే. ఆ కోపం ఊరికే రాదు. కానీ అది చాలాసార్లు తప్పు చిరునామాకు చేరుతుంది. ఎందుకో చెప్పడానికి హైదరాబాద్ కథ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

27 గోల్స్ వీరుడు వచ్చాడు, కానీ...

పుణె సిటీ క్లబ్ స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. సీజన్ మొదలయ్యేది అక్టోబరులో. అంటే జట్టును కూర్చుకోవడానికి, కలిసి సాధన చేయడానికి మిగిలిన సమయం రెండు నెలలే. అలాంటి జట్టులోకి బ్రెజిల్ స్ట్రైకర్ బోబో వచ్చాడు. ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో 2017-18 సీజన్‌లో సిడ్నీ ఎఫ్‌సీ తరఫున 27 గోల్స్ కొట్టి రికార్డు నెలకొల్పిన ఆటగాడు. అభిమానులు ఆశ పెట్టుకోవడంలో తప్పేముంది?

తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓటమి. ఆ తర్వాత గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలిచినా ఆ సంబరం నిలవలేదు. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, చివరి స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తప్పించారు. సిడ్నీలో కనిపించిన బోబో ఇక్కడ కనిపించలేదు. జట్టులో అత్యధికంగా మార్సెలిన్యో కొట్టినవే ఏడు గోల్స్.

కానీ ఆ సీజన్‌లో హైదరాబాద్ ఇచ్చుకున్న గోల్స్ 39. సగటున మ్యాచ్‌కు రెండుకు పైగా. ముందు మూడు గోల్స్ కొడితే తప్ప గెలవలేని జట్టులో స్ట్రైకర్ ఎవరైనా విఫలుడిగానే కనిపిస్తాడు.

ఒకే ఆటగాడు, అయిదు రకాల లెక్కలు

స్ట్రైకర్ లెక్క జట్టును బట్టి ఎలా మారుతుందో నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఓగ్బెచే అంకెలు చూస్తే తెలుస్తుంది. 2018-19లో నార్త్ఈస్ట్‌కు 12 గోల్స్, మరుసటి ఏడాది కేరళకు 15, ఆ తర్వాత ముంబయి సిటీకి 8, హైదరాబాద్‌కు 2021-22లో 18, ఆపై ఏడాది 10. మొత్తం 63.

ఈ వరుసలో తక్కువ గోల్స్ వచ్చిన ముంబయి సీజన్‌లోనే జట్టు లీగ్ షీల్డ్‌నూ, ట్రోఫీనీ రెండింటినీ గెలిచింది. అక్కడ ఓగ్బెచే ఒంటరి స్ట్రైకర్ కాదు. ఆడం లె ఫాండ్రేతో కలిసి బాధ్యత పంచుకున్నాడు. ఎనిమిది గోల్స్ చూసి 'వయసైపోయింది' అనుకున్నవారికి, ఏడాది తిరక్కుండానే 37 ఏళ్ల వయసులో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకుని సమాధానం చెప్పాడు.

ఆ ఏడాది మారింది ఓగ్బెచే కాళ్లు కావు. వెనకున్న జట్టు. కోచ్ మనోలో మార్క్వెజ్ అప్పటికే ఒక సీజన్ పాటు అదే బృందాన్ని తీర్చిదిద్దాడు. మిడ్‌ఫీల్డ్‌లో జువావ్ విక్టర్ స్థిరంగా ఉన్నాడు. రెండు అంచుల నుంచి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్ర ఫుల్‌బ్యాక్‌లు బంతిని ముందుకు మోసుకొచ్చేవారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్లోనూ హైదరాబాద్‌ను కాపాడింది స్ట్రైకర్ కాదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేస్తే, పెనాల్టీ షూటవుట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడగా నిలిచి 3-1తో కప్పు తెచ్చాడు.

ఇక్కడొక విషాదం కూడా ఉంది. కొవిడ్ కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. నగరం చూసిన అత్యుత్తమ స్ట్రైకర్ అత్యుత్తమ సీజన్‌ను గచ్చిబౌలి స్టేడియం చూడనేలేదు.

పేరున్నవాళ్లే ఎందుకు తడబడతారు?

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన సంగతి కాదు. 2010-11లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 20 గోల్స్‌తో గోల్డెన్ బూట్ పంచుకున్న దిమితార్ బెర్బతోవ్, 36 ఏళ్ల వయసులో కేరళ బ్లాస్టర్స్‌కు వచ్చి 9 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గోల్ కొట్టి వెళ్లిపోయాడు. అదే కేరళకు 2023-24లో 13 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచిన గ్రీస్ ఆటగాడు దిమిత్రియోస్ దియామంతకోస్, ఈస్ట్ బెంగాల్‌కు మారాక ఆ జోరులో సగం కూడా చూపలేకపోయాడు. దేశం అదే, లీగ్ అదే, ఆటగాడూ అతనే. మారింది చుట్టూ ఉన్న పదిమంది.

ఇందుకు ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, ఒప్పందాల తీరు. భారత క్లబ్‌లు విదేశీయులతో ఎక్కువగా ఒకటి, రెండేళ్ల ఒప్పందాలే చేసుకుంటాయి. వచ్చినవారు తేమకు, ప్రయాణాలకు, సహచరుల పరుగుకు అలవాటు పడేసరికే సీజన్ సగం గడుస్తుంది.

రెండోది, కోటా. 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకే అనుమతి. అంతకుముందు అయిదుగురు ఉండేవారు. సీట్లు తక్కువ కాబట్టి ఒక్కో సీటుపై అంచనా పెరిగింది. ఆ నాలుగింటిలో ఒకటి దాదాపు ప్రతి క్లబ్ స్ట్రైకర్‌కే కేటాయిస్తుంది. స్వదేశీ స్ట్రైకర్లకు ఆ స్థానంలో ఆడే అవకాశం దక్కకపోవడానికి కారణమూ అదే. 2024 జూన్‌లో రిటైరైన సునీల్ ఛెత్రిని మరుసటి ఏడాది మార్చిలో, 40 ఏళ్ల వయసులో, జాతీయ జట్టు మళ్లీ పిలవాల్సి వచ్చిందంటే కొరత ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది.

మూడోది, ఎంపిక పద్ధతి. గత చరిత్ర టికెట్లు అమ్ముతుంది, గోల్స్‌కు హామీ ఇవ్వదు. 2024-25లో 23 గోల్స్‌తో లీగ్ రికార్డు తిరగరాసిన అలాయెద్దీన్ అజరాయి మొరాకో నుంచి వచ్చినప్పుడు ఇక్కడ ఆ పేరు విన్నవారు తక్కువే.

జీతం అందని జట్టులో గోల్ ఎక్కడిది?

హైదరాబాద్ అభిమానులకు అన్నిటికంటే కష్టమైనది 2023-24. ఓగ్బెచే వెళ్లిపోయాడు, కోచ్ మనోలో గోవాకు మారాడు. కోస్టారికా స్ట్రైకర్ జొనాథన్ మోయా వచ్చాడు. తొలి నెలల్లో గెలుపే లేదు. కోపమంతా కొత్త స్ట్రైకర్ మీదికి మళ్లింది.

అసలు సమస్య మాత్రం మైదానం బయట ఉంది. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాల బకాయిలు పేరుకుపోయాయి. పాత బకాయిల వ్యవహారంలో ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పెట్టింది. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం అందని ఆటగాడు క్లబ్‌కు 15 రోజుల గడువిస్తూ నోటీసు ఇచ్చి, అప్పటికీ అందకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అంటే ఇలాంటి క్లబ్‌కు ఉన్నవారు వెళ్లిపోతారు, కొత్తవారు రాలేరు.

జనవరి ముగిసేసరికి విదేశీయుల్లో జువావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. మోయా కూడా వెళ్లిపోయాడు. పేరున్న భారత ఆటగాళ్లూ తలో దారి పట్టారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో కుర్రాళ్లతోనే సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ 2024 మార్చిలో చెన్నైలో, చెన్నయిన్ ఎఫ్‌సీపై 1-0తో వచ్చింది. గోల్ కొట్టింది సాజద్ పర్రే, భారత ఆటగాడే.

అభిమాని ఏం చూడాలి?

స్ట్రైకర్‌ను అంచనా వేయడానికి గోల్స్ కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. పెనాల్టీ బాక్స్‌లో అతనికి ఎన్నిసార్లు బంతి అందుతోంది? అందినప్పుడు ఎలాంటి అవకాశంగా అందుతోంది? 'ఎక్స్‌పెక్టెడ్ గోల్స్' అనే కొలమానం ఈ రెండో ప్రశ్నకు అంకె ఇస్తుంది. ఒక పెనాల్టీ విలువ సుమారు 0.75 పైన, అంటే నాలుగు కొడితే మూడు పడాలి. దూరం నుంచి, పక్క కోణం నుంచి కొట్టే షాట్ విలువ 0.05 కూడా ఉండకపోవచ్చు.

మంచి అవకాశాలు వచ్చినా వదిలేస్తుంటే తప్పు స్ట్రైకర్‌ది. అవకాశాలే రాకపోతే తప్పు మిడ్‌ఫీల్డ్‌ది, కోచ్‌ది. కోచ్‌కు ఆటగాళ్లే మిగలకపోతే తప్పు యాజమాన్యానిది. కోపం ఈ మెట్లన్నీ ఎక్కి పైదాకా చేరాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం దేశం మెచ్చిన ఫార్వర్డ్ అయ్యాడు. గోల్ కొట్టేవాళ్లను బయటి నుంచి తెచ్చుకున్న ఊరు కాదిది, బయటికి పంపిన ఊరు. ఇప్పుడు క్లబ్బే బయటికి వెళ్లిపోయింది. యాజమాన్యం మారాక, 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని రాజధానికి తరలింది. 'డెక్కన్ లీజియన్' పేరుతో పసుపు జెండాలు పట్టుకుని గచ్చిబౌలి స్టాండ్స్ నింపిన అభిమానులకు ఇప్పుడు సూపర్ లీగ్‌లో తిట్టుకోవడానికైనా తమదైన స్ట్రైకర్ లేడు.