పసికందు పడక తల్లి చేతికందే దూరంలో: మంచం పక్క తొట్టెలను ఎంచుకొనే విధానం

కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని కల్లావి, దాని చుట్టుపక్కల పల్లెలలోని తెలుగు ఇళ్ళలో తొలి కాన్పునకు ఆడబిడ్డను పుట్టింటికి తీసుకొనిరావడం నేటికీ వాడుకలో ఉన్నది. కాన్పు ఆసుపత్రిలో జరిగినప్పటికీ బాలింతరాలు, పసిబిడ్డ కొన్ని నెలలపాటు పుట్టింటనే ఉంటారు. అందువలన బిడ్డ ఎక్కడ పడుకోవలెను అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది సాధారణంగా అమ్మమ్మ. ఆ జవాబు చాలా ఇళ్ళలో ఒక్కటే: దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టడం. కొంత కలిగినవారు అంగడిలో దొరికే ఇనుప స్టాండు, స్ప్రింగు ఉయ్యాల కొంటారు. మేనమామ తొట్టెల తెచ్చే ఆచారం ఉన్న ఇళ్ళలో నగిషీ చెక్కిన కొయ్య తొట్టెల వస్తుంది. ఈ మూడింటిలో ఏదైనా రాత్రిపూట నవజాత శిశువును నిద్రపుచ్చడానికి తగినదేనా అన్న విషయాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

మొదట చీర ఉయ్యాలకు న్యాయం చేయవలెను. అది తెలివితక్కువ వస్తువు కాదు. నేల మీద చీమలు, తేళ్ళు, పాములు తిరిగే మెట్ట ప్రాంతంలో బిడ్డను నేలకు ఎత్తుగా ఉంచడానికి అంతకంటె చవకైన ఉపాయం మరొకటి లేదు. గాలి ఆడుతుంది, తడిస్తే చీర మార్చుకోవచ్చును, చెట్టు కొమ్మకైనా కట్టవచ్చును. పొలం పనికి పోయిన తల్లికి అది ఒక్కటే ఆసరాగా ఉన్న కాలం ఎంతో దూరం లేదు. పగటిపూట పెద్దలు కన్నార్పక చూస్తూ ఉండగా కొంతసేపు ఊపడం వేరు. దీపం ఆర్పి ఇంటిల్లపాది నిద్రపోయిన తరువాత బిడ్డను అందులోనే వదిలివేయడం వేరు.

కారణం శిశువు శరీర నిర్మాణంలోనే ఉన్నది. అప్పుడే పుట్టిన బిడ్డ తల మొత్తం పొడవులో దాదాపు నాలుగవ వంతు ఉంటుంది. మెడకు ఆ బరువును మోసే శక్తి ఉండదు. చీర ఉయ్యాలలో అడుగు గుంటగా ఉంటుంది కావున వీపు వంగి, తల ముందుకు వాలి, గడ్డం రొమ్మును తాకుతుంది. నీటి గొట్టాన్ని మధ్యలో మడిచినప్పుడు ధార ఎలా తగ్గుతుందో, ఊపిరి వెళ్ళే దారి కూడా అలాగే ఇరుకవుతుంది. పెద్దవారైతే మేలుకొని తల తిప్పుకుంటారు. నెలలు నిండని బిడ్డకు ఆ నేర్పు లేదు, ఏడ్వడానికి కూడా గాలి చాలదు. బిడ్డ పక్కకు దొర్లితే మెత్తని గుడ్డ రెండు వైపుల నుండి ముఖాన్ని కప్పుతుంది. స్ప్రింగు ఉయ్యాలలోని జోలెకు కూడా ఇదే దోషం వర్తిస్తుంది. పైగా స్ప్రింగు అలసిపోయి తెగడం, కొక్కెం జారడం అన్న భయాలు అదనం.

మరొక మాట. బిడ్డ దిగిన తరువాత ఉయ్యాలను అలాగే వేలాడదీసి ఉంచకూడదు. ఆటలాడే పెద్దపిల్లలు అందులో కూర్చొని గిరగిర తిరిగినప్పుడు చీర మెడకు చుట్టుకొని ప్రాణం పోయిన వార్తలు మన పత్రికలలో ఎన్నోసార్లు వచ్చినవి. పని తీరగానే ముడి విప్పి చీరను మడిచి పెట్టడానికి నిమిషం పట్టదు.

సరే, ఉయ్యాల వద్దంటే బిడ్డను తల్లి పక్కలోనే పడుకోబెట్టవచ్చును గదా అని అడుగుతారు. తల్లికి దగ్గరగా ఉండవలెనన్నది నూటికి నూరుపాళ్ళు సరియైన మాట. అమెరికా శిశువైద్యుల సంఘం 2022లో సవరించిన సూచనలలో కూడా, కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వారి మంచానికి చేరువలో, కాని వేరే పడక మీద నిద్రించవలెనని చెప్పినది. రాత్రి రెండు మూడు గంటలకు ఒకసారి పాలు పట్టవలసిన తల్లికి బిడ్డ చేతికందే దూరంలో ఉండడం ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు. ముఖ్యంగా కడుపు కోసి బిడ్డను తీసిన తల్లికి లేచి, వంగి, ఎత్తుకోవడం మొదటి వారాలలో నరకం.

ఒకే పరుపు మీద పడుకోవడంలోనే చిక్కు ఉన్నది. బూరుగుదూది పరుపు ఒంటి బరువుకు కుంగుతుంది, బిడ్డ తల్లి వైపు దొర్లుతుంది. రెండు మూడు దిండ్లు, బొంత, దుప్పటి, పక్కన మరొక బిడ్డ. మంచానికి, గోడకు మధ్య సందు. ఆ మంచం మీద పడుకొనే వారిలో పొగత్రాగేవారు, మద్యం సేవించినవారు, నిద్రమాత్రలు వేసుకొన్నవారు ఉంటే, లేదా బిడ్డ నెలలు నిండక ముందే పుట్టినా, పుట్టుక బరువు రెండున్నర కిలోల కంటె తక్కువైనా అపాయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వీటన్నింటికంటె ప్రమాదకరమైనది సోఫాలోనో వాలుకుర్చీలోనో బిడ్డను ఎదపై ఉంచుకొని కునుకు తీయడం. తండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఈ రెండు కష్టాలకు మధ్యేమార్గమే మంచం పక్క తొట్టెల. ఊగదు. తల్లి మంచానికి ఆనుకొని, తల్లి వైపు అంచు తక్కువ ఎత్తులో ఉండి, తక్కిన మూడు వైపులా ఎత్తైన కటకటాలో వలయో ఉండే చిన్న పడక ఇది. బెంగళూరు, హోసూరు అంగళ్ళలోను, ఇంటర్నెట్ ద్వారాను పలు రకాలు దొరుకుతున్నవి. కాని కొనే ముందు చూడవలసింది రంగు, బొమ్మలు, వేలాడే గిలకలు కాదు. నా దృష్టిలో సగం ధర వాటికే పోతున్నది.

చూడవలసిన వాటిలో మొదటిది పరుపు. అది చదునుగా, గట్టిగా ఉండవలెను. అరచేతితో నొక్కి తీసినప్పుడు గుంట నిలిచిపోతే అది పనికిరాదు. పలుచని కొబ్బరిపీచు పరుపు మీద బిగుతుగా పరచిన నూలు గుడ్డ చాలు. పరుపునకు, చట్రానికి మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు కూడా ఉండకూడదు. తల వైపు ఎత్తుగా వాలి ఉండే పడకలను పాలు కక్కకుండా ఉంటాయని చెప్పి అమ్ముతుంటారు. అమెరికాలో అట్టి వాలు పడకలలో శిశువులు మరణించిన తరువాత, 2019లో పేరుపొందిన ఒక సంస్థ తన సరుకును వెనక్కు తీసుకొన్నది. 2022లో చేసిన చట్టం పది డిగ్రీలకు మించి వాలిన శిశు పడకలను, కటకటాలకు లోపల కట్టే మెత్తని దిండు పట్టీలను నిషేధించినది. అక్కడ నిషేధమైనవి ఇక్కడి ఇంటర్నెట్ అంగళ్ళలో కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

రెండవది కటకటాల మధ్య ఎడం. ఆరు సెంటీమీటర్లకు, అనగా రెండున్నర అంగుళాల లోపునకు మించరాదు. అంతకంటె ఎక్కువైతే బిడ్డ కాళ్ళు, నడుము జారిపోయి తల చిక్కుకుంటుంది. శీతల పానీయం డబ్బా ఆ సందులో దూరితే తొట్టెల వద్దు. ఒక పక్క జారుతూ దిగే పాత పద్ధతి తొట్టెలలను అమెరికా 2011 జూన్ నుండి అమ్మకుండా ఆపినది. పిడి సడలి పలక ఒక మూల దిగినప్పుడు ఏర్పడే సందులో శిశువులు చిక్కుకోవడమే దానికి కారణం. బంధువుల ఇంటి అటక మీది పాత తొట్టెల వచ్చినప్పుడు ఈ రెండు కొలతలు చూడకుండా బిడ్డను వేయకూడదు.

మూడవది, అన్నింటికంటె ఎక్కువగా మరచిపోయేది, తొట్టెలకు మంచానికి మధ్యగల ఖాళీ. దాదాపు ఒకే ఎత్తులో ఉన్నవని నమ్మి పక్కపక్కన పెడతారు. రాత్రి తల్లి అటూ ఇటూ కదిలినప్పుడు మంచం జరుగుతుంది, సందు పడుతుంది. అందుచేత తొట్టెలను బలమైన పట్టీతో మంచం చట్రానికి బిగించి, పడుకోబోయే ముందు ప్రతి రాత్రి లాగి చూడవలెను. ఆ సందును దుప్పటి మడిచి పూడ్చడం సందును వదిలివేయడం కంటె మంచిది కాదు. తల్లి వైపు అంచు బిడ్డ పరుపు కంటె నాలుగు అంగుళాలైనా ఎత్తుగా ఉండడం మేలు. చక్రాలుంటే వాటికి తాళం ఉండవలెను.

అంగడి సరుకు నచ్చనివారు ఊరి ఆచారి చేత చేయించుకోవచ్చును. మన మంచాల ఎత్తులు ఒక ఇంటికీ మరొక ఇంటికీ పొసగవు కావున, నిజానికి ఇదే మెరుగైన దారి. ఆచారిని ఇంటికి పిలిచి మంచం ఎత్తు కొలిపించండి. కొయ్య బాగా ఆరినదై, నున్నగా చిత్రిక పట్టినదై ఉండవలెను. మూల స్తంభాలపై కలశాల వంటి పొడుచుకొనివచ్చిన నగిషీలు వద్దని గట్టిగా చెప్పండి. బిడ్డ చొక్కా వాటికి తగులుకొంటే మెడకు ఉరి అవుతుంది. మేకులకు బదులు బోల్టులు వేయించుకొంటే నెలకొకసారి బిగించుకోవచ్చును. రంగు విషయంలో జాగ్రత్త అవసరం. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పాలు 90 పీపీఎంకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చినది. డబ్బా మీద ఆ మాట ఉన్నదో లేదో చూడండి. రంగు వేయకుండా నున్నని కొయ్యగానే వదిలివేసినా నష్టం లేదు. ఏడవ నెలలోపు పని అప్పగిస్తే రంగు వాసన పోయేందుకు వ్యవధి ఉంటుంది.

తొట్టెల ఎంత మంచిదైనా బిడ్డను పడుకోబెట్టే తీరు తప్పితే ఫలం లేదు. వెల్లకిలా పడుకోబెట్టవలెను, ప్రతి నిద్రకూ. బోర్లా గాని పక్కకు గాని వద్దు. ఇక్కడ అమ్మమ్మలకు ఒక సందేహం కలుగుతుంది: వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడవా? నిజానికి శ్వాసనాళం ముందు వైపు, అన్ననాళం వెనుక వైపు ఉంటాయి. వెల్లకిలా ఉన్నప్పుడు అన్ననాళం కిందికి, శ్వాసనాళం పైకి వస్తాయి కావున కక్కినది పైకెక్కి ఊపిరి దారిలోకి పోవడం కష్టం. బోర్లా ఉన్నప్పుడే అది సులభం. 1990ల మొదట అనేక దేశాలు ఈ ప్రచారం చేపట్టిన తరువాత, ఆ దశాబ్దంలోనే అమెరికాలో నిద్రలో కారణం తెలియక సంభవించే శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గినవి. తల గుండ్రంగా రావడానికి పెట్టే ఆవాల దిండు, రాగుల దిండు కూడా నిద్ర వేళ వద్దు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు పెద్దల ఎదుట కాసేపు బోర్లా పడుకోబెడితే తల ఆకారానికి, మెడ బలానికి అదే మందు.

తొట్టెలలో బిడ్డ తప్ప మరేమీ ఉండకూడదు. దిండు, బొమ్మ, వదులైన దుప్పటి, ప్లాస్టిక్ షీటు, కాటుక డబ్బా, దిష్టి కోసం పెట్టే ఇనుప ముక్క కూడా. నల్లతాడు మెడకు కాక, కట్టవలెననుకొంటే కాలికి బిగువు లేకుండా కట్టుకోవచ్చును. మార్గశిర పుష్య మాసాలలో చలికి దుప్పటి కంటె ఒంటికి సరిపోయే ఒక అదనపు చొక్కా మేలు. చేతులు చల్లగా ఉన్నవని కంగారు పడక రొమ్ము మీద చేయి పెట్టి వెచ్చదనం చూడండి. ఎండాకాలంలో ఫ్యాను వేయడానికి భయపడనక్కరలేదు, గాలి సూటిగా ముఖానికి కొట్టకుంటే చాలు. దోమతెర తప్పనిసరి, అది బిడ్డకు అందనంత ఎత్తున, బిగుతుగా ఉండవలెను. చీమల కోసం కోళ్ళ కింద నీటి గిన్నెలు పెట్టేవారు ఆ నీటిని ప్రతిదినం పారబోసి గిన్నెను తోమి మార్చవలెను. లేకుంటే డెంగీ దోమను మనమే పెంచినట్లవుతుంది. కిటికీ తాళ్ళు, విద్యుత్తు తీగలు, సెల్‌ఫోన్ చార్జరు తొట్టెలకు దూరంగా ఉండవలెను.

తొట్టెల కొనే స్తోమత లేనివారి మాటేమిటి? ఫిన్లాండులో 1938 నుండి పేద తల్లులకు, 1949 నుండి అందరు తల్లులకూ ప్రభుత్వం ఇచ్చే పెట్టెలో బిడ్డ బట్టలతోపాటు చిన్న పరుపు ఉంటుంది. ఆ అట్టపెట్టెయే బిడ్డకు తొలి పడక. తమిళనాడు ప్రభుత్వం 2015లో సర్కారు ఆసుపత్రి కాన్పులకు ప్రారంభించిన శిశు సంరక్షణ పెట్టెలో కూడా చిన్న పడక, దోమతెర చేర్చినది. న్యూజిలాండులోని మావోరీలు తల్లి పక్కలోనే ఉంచుకొనేందుకు నారతో బుట్ట పడకను అల్లుకొన్నారు. మనకూ పురిటి బిడ్డను చేటలో పడుకోబెట్టిన సంప్రదాయం కొత్త కాదు. అడుగు చదునుగా, అంచులు జానెడు ఎత్తున ఉన్న గట్టి వెదురు బుట్టలో పలుచని గట్టి పరుపు వేసి, నేల మీద తల్లి చాపను ఆనించి ఉంచుకొంటే ఖర్చు స్వల్పం. వెదురు చీలికలు గుచ్చుకోకుండా అంచుకు గుడ్డ బిగించి కుట్టవలెను. ఆ గుడ్డ మెత్తని దిండు కాకూడదు. గది మూలలు రాత్రి ఊడ్చి చూడడం తేళ్ళ ప్రాంతంలో తప్పదు.

నెలలు నిండని, బరువు తక్కువైన బిడ్డల విషయంలో ఆసుపత్రి వైద్యుని మాటే ప్రమాణం. వారికి తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా కట్టుకొనే కంగారూ పద్ధతి, 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో మొదలై ప్రపంచమంతా వ్యాపించినది, ఎంతో మేలు చేస్తుంది. తల్లికి నిద్ర ముంచుకొచ్చేటప్పుడు చూసుకొనే మనిషి పక్కన ఉండడం మాత్రం అవసరం.

మంచం పక్క తొట్టెల ఆయుష్షు ఎక్కువ కాదు. బిడ్డ చేతులు, మోకాళ్ళు ఊని లేవడానికి ప్రయత్నించిన నాడు, సాధారణంగా అయిదవ నెల ప్రాంతంలో, తక్కువ ఎత్తు అంచు మీదుగా దొర్లిపడే ప్రమాదం మొదలవుతుంది. ఆ రోజు నుండి నాలుగు వైపులా ఎత్తైన కటకటాలున్న పెద్ద తొట్టెల గాని, నేల మీద శుభ్రమైన గట్టి పడక గాని కావలెను. ఆచారి చేత చేయించేటప్పుడే నాలుగవ పక్కకు విడిగా ఒక కటకటాల పలకను కూడా చేయించి, అన్ని వైపులా ఎత్తు పెంచుకొనే వీలు పెట్టించుకొన్నవారికి రెండవసారి కొనే పని ఉండదు.