గాజుతొట్టి చేపలకు దినచర్య పుస్తకము



అడుగనిదే అమ్మయైనను పెట్టదని లోకోక్తి. ఆవు ఆకలిగొన్న అరచును, కుక్క తలుపు గీకును. చేప మాత్రము అడుగజాలదు. కావున గాజుతొట్టిలో చేపలను పెంచు గృహస్థు దానికి మారుగా ఒక చిన్న పుస్తకముచే మాటాడింపవలెను. అది ఎందులకో, ఎట్లు వ్రాయవలెనో నేడు మనవి చేసెదను.

విశాఖపట్టణమున నౌకాశ్రయము చెంతనున్న పాతపేటకు వన్ టౌన్ అని వాడుక. సముద్రము దాపుననే యుండుటచే అచ్చటి పిల్లలకు చేప క్రొత్త కాదు. అయినను సముద్రపు చేప వేరు, ఇంటి తొట్టిలోని చేప వేరు. సముద్రమున చేప విడిచిన మలినము అపారజలమున కలిసిపోవును. తొట్టిలో అది చేప పీల్చు నీటియందే నిలుచును. మీ యూరి చెరువునకు తూము కలదు, కలుజు కలదు. తొట్టికి యజమాని చేయియే తూము, చేయియే కలుజు.

చేప మొప్పలనుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. ఇసుకయందును వడపోతయందును నివసించు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపకు విషములు. మూడవది కొలది పాళ్ళలో నున్న అంత హాని చేయదు. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు చాలినంత వృద్ధిపొందుటకు సాధారణముగ 4 మొదలు 6 వారములు పట్టును. ఈ విషములకు రంగు లేదు. నీరు తేటగ నున్నదని నమ్మి మోసపోరాదు. కంటికి కానరానిదానిని పరీక్షాద్రవముచే తెలిసికొని, తేదీతో వ్రాసి యుంచవలెను.

పుస్తకపు మొదటి పుటలో తొట్టి కొలతలు వ్రాయుడు. పొడవు 60, వెడల్పు 30, నీటి యెత్తు 30 సెంటీమీటర్లైనచో, మూడింటిని హెచ్చించి వేయిచే భాగింపగా 54 లీటర్లు వచ్చును. ఇసుక, రాళ్ళు ఆక్రమించు చోటు తీసివేయవలెను. ఈ లెక్క లేనిచో మందు వేయునపుడు మోతాదు తప్పును.

తక్కిన పుటలలో గడులు గీయుడు: తేదీ, నీటి వేడిమి, చేపల సంఖ్య, వేసిన మేత, మార్చిన నీరు, పరీక్షాఫలము, విశేషములు. చేపల సంఖ్య బడిలోని హాజరుపట్టీ వంటిది. ఒకటి తగ్గినచో ఆ దినముననే వెదకవలెను. రాతిచాటున చచ్చిన చేప కుళ్ళి తక్కినవానికిని ముప్పు తెచ్చును. వేడిమిని, సంఖ్యను దినమునకొకసారి వ్రాసిన చాలును. నీటి పరీక్ష వారమున కొకసారి. క్రొత్త తొట్టికి మాత్రము తరచుగ చేయవలెను.

వేడిమి యెందులకందురా? ఉప్పులేని నీటిలో 20 డిగ్రీలయందు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీలయందు ఏడున్నరయే. వైశాఖపు టెండలలో చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుటకు ఇది యొక కారణము. అట్టి దినముల వేడిమిని వ్రాసియుంచినచో మరుసటి యేట ముందుగనే మేత తగ్గించి, గాలి యెక్కువగ నందింపవచ్చును.

విశేషముల గడియే అన్నింటికంటె ముఖ్యము. ఒక గృహమున సోమవారము వడపోత స్పంజీని కుళాయినీట కడిగిరనుకొందము. గురువారము చేపలు మందగించినవి. కడిగిన సంగతి వ్రాసియుండని యెడల మేతను నిందింతురు, చేపలమ్మినవానిని నిందింతురు. వ్రాసియున్నచో కారణము ఊహకందును: కుళాయినీటిలోని క్లోరిను మేలుచేయు సూక్ష్మజీవులను చంపును. స్పంజీని తొట్టినుండి తీసిన నీటిలోనే కడుగవలెను. క్రొత్తగ పోయు నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలిపినచో క్లోరిను చాలవరకు ఎగిరిపోవును. వారమున కొకమారు నాలుగవ వంతుకు మించక మార్చుట సామాన్యమైన పద్ధతి.

ఈ వ్రాత క్రొత్త వేడుక కాదు. లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు గాజుపాత్రలో బంగారుచేపలను, నీటిమొక్కను ఉంచి గమనించెను. ఆకులు కుళ్ళి నీరు మలినమగుట చూచి, కుళ్ళును తిను నత్తలను చేర్చెను, నీరు బాగుపడెను. తాను చూచినదానిని వ్రాసి 1850లో రసాయనశాస్త్ర సంఘమునకు తెలిపెను. ఆ వ్రాత యితరులకు దారి యయ్యెను.

పెద్దలారా! అప్పుపత్రము, పంటలెక్క, పాలలెక్క వ్రాయుట మీకు నేర్పవలసిన పని లేదు. ఇంట తొట్టి యున్నచో ఈ పుస్తకమును మనుమల చేతికిచ్చి, సాయంత్రము ఒకమారు చదివించుకొనుడు. మీరు ఊరికేగిన దినములలో పొరుగువారు దానినిబట్టి మేత వేయగలరు. చచ్చిన చేపను పారవేసి క్రొత్తదానిని కొనుట సులభము. అది యేల చచ్చెనో తెలియనిచో క్రొత్తదియు ఆ త్రోవనే పోవును. నోరులేని ప్రాణిని గాజుగోడల నడుమ బంధించినవారు దాని క్షేమమును దినమున కొక పంక్తి వ్రాయుట ధర్మము.