ఊరినే శత్రువు చేసుకున్న యుద్ధం

1943 ఫిబ్రవరి 9న వోలిన్ ప్రాంతంలోని పరోష్లా అనే చిన్న పోలిష్ పల్లెలోకి ఆయుధాలతో ఒక దళం వచ్చింది. మేం సోవియట్ పార్టిజాన్లమని చెప్పుకుంది, ఇంటింటా తిండి పెట్టించుకుంది. వెళ్లేముందు మీ చేతులు కట్టేసి పడుకోబెడతామన్నారు. మాకు తిండి పెట్టారని జర్మన్లు మిమ్మల్ని పట్టుకోకుండా ఇదొక ఉపాయమని నమ్మబలికారు. జనం నమ్మి పడుకున్నారు. అలా పడుకున్న వాళ్లను గొడ్డళ్లతో నరికేశారు. చనిపోయింది సుమారు 150 మంది. వచ్చింది సోవియట్ వాళ్లు కాదు, ఉక్రేనియన్ జాతీయవాదుల దళం.

వోలిన్ ఇప్పుడు ఉక్రెయిన్‌కు వాయవ్య మూల. 1921లో రీగా ఒప్పందంతో పోలండ్ చేతికొచ్చింది. 1931 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 68 మంది ఉక్రేనియన్లు, 17 మంది పోలిష్ వాళ్లు. అధికారం మాత్రం పోలిష్ వాళ్లది. పైగా పోలండ్ ప్రభుత్వం తన మాజీ సైనికులను తెచ్చి అక్కడ భూములిచ్చి కూర్చోబెట్టింది. సెంటు భూమికి గొంతులు కోసుకునే పల్లెల్లో ఇది ఎంత కడుపుమంట రేపి ఉంటుందో వేరే చెప్పాలా?

1939లో సోవియట్ సేన, 1941లో జర్మన్ సేన వచ్చిపడ్డాయి. జర్మన్లు ఉక్రేనియన్ కుర్రాళ్లను పోలీసుల్లో చేర్చుకున్నారు. 1942లో వోలిన్ యూదులను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టినప్పుడు ఈ పోలీసులూ జర్మన్ల వెంట ఉన్నారు. 1943 వసంతంలో వీళ్లలో దాదాపు 5,000 మంది తుపాకులతో సహా అడవిబాట పట్టి ఉక్రేనియన్ తిరుగుబాటు సేనలో కలిశారు. ఖాళీ అయిన ఆ కొలువుల్లోకి జర్మన్లు పోలిష్ వాళ్లను తీసుకున్నారు. రెండు జాతుల మధ్య పగకు ఇంతకన్నా ఆజ్యం అక్కర్లేదు.

తిరుగుబాటు సేన లెక్క వేరే ఉంది. యుద్ధం ముగిశాక సరిహద్దులు గీసేటప్పుడు ఎవరి జనం ఉంటే వాళ్లదే నేల అవుతుంది. కాబట్టి పోలిష్ జనమే లేకుండా చేయాలి. వోలిన్‌లో ఆ పనిని నడిపించినవాడు ద్మిత్రో క్ల్యాచ్‌కివ్‌స్కీ.

మాట్లాడి ఆపుదామనుకున్న వాళ్లూ లేకపోలేదు. పోలిష్ కవి, రైతు దళాల నాయకుడు జిగ్మున్ట్ రుమెల్ కాపలా దళాన్ని వెనక్కి పంపేసి రాయబారానికి వెళ్లాడు. జులై 10న ఆయన్నీ చంపేశారు. మర్నాడు ఆదివారం. ప్రార్థనకు జనం చేరే సమయం చూసి దాదాపు 100 ఊళ్ల మీద ఒక్కరోజే దాడి చేశారు. కిసెలిన్‌లో చర్చి నుంచి తప్పించుకున్న కొందరు పక్కనున్న పూజారి ఇంటి మేడెక్కి, గోడలు పీకి ఇటుకలు విసురుతూ చీకటి పడేదాకా నిలబడ్డారు. వాళ్లలో చాలామంది బతికారు.

చెదిరిన పోలిష్ జనం కొన్ని ఊళ్లనే కోటలు చేసుకున్నారు. వాటిలో పేరున్నది ప్షెబ్రాజె. ఊరి చుట్టూ కందకాలు తవ్వి, ముళ్లకంచె వేశారు. దండును నడిపింది హెన్రిక్ సిబుల్‌స్కీ. కాందిశీకులతో జనం పదివేలు దాటింది. అంతమందికి తిండెలా? కోతకు పోవాలన్నా పొలం గట్టున తుపాకులతో కాపలా ఉండాల్సిందే. ఆగస్టు 30న జరిగిన పెద్ద దాడిని సోవియట్ పార్టిజాన్ల సాయంతో తిప్పికొట్టారు. బతకడానికి వాళ్లు జర్మన్ల దగ్గరా ఆయుధాలు తీసుకున్నారు, సోవియట్ల దగ్గరా సాయం పొందారు. ఇక్కడ సిద్ధాంతాలు వెతకడం దండగ.

ఆత్మరక్షణ ఎక్కడ ఆగి, పగ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. 1944 మార్చి 10న పోలిష్ రహస్య సైన్యమైన హోం ఆర్మీ, రైతు దళాలు సహ్రిన్ అనే ఉక్రేనియన్ ఊరిని తగలబెట్టాయి. ఆడవాళ్లు, పిల్లలతో సహా వందల మంది పోయారు. ఏడాది తర్వాత పావ్‌వొకోమా అనే మరో ఉక్రేనియన్ ఊరి గతీ అంతే. చరిత్రకారుల అంచనాలో వోలిన్‌లోనే చనిపోయిన పోలిష్ వాళ్లు 40 వేల నుంచి 60 వేలు. అన్ని ప్రాంతాలూ కలిపి పోలిష్ వాళ్ల చేతిలో పోయిన ఉక్రేనియన్లు 10 వేల నుంచి 20 వేలు. తప్పు రెండు వైపులా ఉంది, కానీ రెండూ సమానం కాదు. పథకం వేసి ఒక జనాన్ని తుడిచేయబోవడం వేరు, దానికి ప్రతీకారం వేరు. అయితే సహ్రిన్ పిల్లలకు ఈ తేడాతో పనిలేదు.

ఊళ్లన్నీ ఒక్కలా లేవు. పోలండ్ జాతీయ స్మృతి సంస్థ 2007లో తెచ్చిన పుస్తకంలో పోలిష్ వాళ్లకు సాయపడిన 1,341 మంది ఉక్రేనియన్ల వివరాలున్నాయి. ముందుగా కబురు చెప్పినవాళ్లు, అటకల మీద దాచినవాళ్లు వీళ్లు. ఆ పాపానికి 384 మంది తమవాళ్ల చేతిలోనే హతమయ్యారు.

చిత్రమేమిటంటే, 1946 మే నెలలో అటు తిరుగుబాటు సేన, ఇటు పోలిష్ రహస్య దళం చేతులు కలిపి హ్రుబియెషూవ్ పట్టణంలోని కమ్యూనిస్టు స్థావరాల మీద పడ్డాయి. ఆ స్నేహం ఎవరినీ కాపాడలేదు. 1947లో పోలండ్ ప్రభుత్వం ‘విస్తులా’ పేరుతో దాదాపు 1,40,000 మంది ఉక్రేనియన్లను, లెమ్కో జాతి వాళ్లను ఊళ్ల నుంచి లేపేసి, పశ్చిమ, ఉత్తర ప్రాంతాల్లో చెల్లాచెదురుగా దింపేసింది.

మృతుల వెలికితీత విషయంలో పోలండ్, ఉక్రెయిన్‌ల మధ్య ఏళ్లతరబడి పేచీ నడిచింది. చివరకు 2025లో టెర్నోపిల్ ప్రాంతంలోని పుజ్నికి దగ్గర తవ్వకాలు జరిగాయి. 1945 ఫిబ్రవరిలో హతమైన పోలిష్ వాళ్లలో కనీసం 42 మంది అవశేషాలు దొరికాయి. సెప్టెంబరు 6న అక్కడే, ఇరు దేశాల ప్రతినిధుల సమక్షంలో వాటిని ఖననం చేశారు.