ప్రేరణ, అధికారం, పని అమరిక: కాకినాడ, అహ్మదాబాద్ ప్రయోగాలు చెప్పే సంగతులు

మోటివేషన్, లీడర్‌షిప్, టీమ్ వర్క్ వంటి నిర్వహణ శాస్త్రపు మాటలు నేడు కార్యాలయాల్లోనే గాక కళాశాలల్లోనూ, స్వయం సహాయక సంఘాల శిక్షణ తరగతుల్లోనూ, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లోనూ నిత్యం వినిపిస్తున్నాయి. అయితే ఇవి దాదాపు ఎప్పుడూ ఒక్కొక్క మనిషిని ఉద్దేశించిన హితవులుగానే మిగిలిపోతున్నాయి. పని సరిగా సాగకపోతే పనిచేసేవారికి పట్టుదల లేదనీ, కలిసిమెలిసి ఉండడం చేతకాదనీ తేల్చడం పరిపాటి అయింది. ఈ మాటలు పుట్టిన శాస్త్రం మాత్రం ఇంత తేలికగా తీర్పు చెప్పలేదు. మనిషి లోపలి కోరిక ఎంత ముఖ్యమో, ఆ మనిషి చేతిలో ఉన్న అధికారం, అతని చుట్టూ పనిని అమర్చిన తీరు అంతే ముఖ్యమని అది పరీక్షించి చూపింది. ఆ పరీక్షల్లో రెండు భారతదేశంలోనే జరిగాయి. వాటిలో ఒకటి కాకినాడ వ్యాపారులతో జరిగినప్పటికీ, తెలుగునాట దానిని ఎరిగినవారు తక్కువ.

ఒక సంస్థలో మనుషులు విడివిడిగానూ, గుంపులుగానూ ఎట్లా నడుచుకుంటారో, ఎందుకట్లా నడుచుకుంటారో పరిశీలించే విద్యను సంస్థాగత ప్రవర్తన శాస్త్రం అంటారు. దీనికి ముందు నడిచిన ఆలోచన ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ. పనిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి, ఒక్కొక్కదానికి పట్టే కాలాన్ని గడియారంతో కొలిచి, అత్యుత్తమమైన ఒకే పద్ధతిని నిర్ణయించి, దాని ప్రకారం పనిచేసినవారికి ఎక్కువ కూలి ఇవ్వడం దాని సారాంశం. కొలత విషయంలో టేలర్ చూపిన శ్రద్ధ విలువైనదే గాని, ఆలోచించడం పై అధికారి వంతు, చేయడం పనివాని వంతు అనే విభజన ఆ పద్ధతితోనే ఫ్యాక్టరీల్లో స్థిరపడింది.

ఈ లెక్కకు అందని సంగతులు షికాగో సమీపంలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 వరకు సాగిన పరిశోధనల్లో బయటపడ్డాయి. వెలుతురు పెంచితే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో చూడడానికి మొదలైన ఆ పరిశోధనలో వెలుతురుకూ ఉత్పత్తికీ సూటి సంబంధం కనబడలేదు. తమను ఎవరో ప్రత్యేకంగా గమనిస్తున్నారని తెలిసినప్పుడు మనుషుల నడత మారుతుందనే భావన ఆ ఫ్యాక్టరీ పేరుతోనే హాథార్న్ ప్రభావంగా స్థిరపడింది. ఆనాటి లెక్కలు ఆ నిర్ణయానికి ఎంతవరకు ఆధారమిస్తాయనే విషయంపై తరువాతి పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. టెలిఫోన్ పరికరాలకు తీగలు బిగించే గదిలో 14 మంది పురుషులను పరిశీలించిన చివరి ఘట్టం మరింత గట్టి సాక్ష్యం. ఎక్కువ చేస్తే ఎక్కువ వచ్చే కూలి పద్ధతి అమలులో ఉన్నా, రోజుకు ఇంత పని చాలునని ఆ బృందం తనకు తానే ఒక హద్దు గీసుకుంది. ఆ హద్దు దాటినవాణ్ణి తోటివారు వెక్కిరించేవారు, భుజం మీద గుద్దేవారు. మరీ తక్కువ చేసినవాణ్ణీ, పై అధికారికి చాడీలు చెప్పినవాణ్ణీ దగ్గరకు రానిచ్చేవారు కాదు. కంపెనీ ఉత్తర్వులతో ఏర్పడిన విభాగాన్ని నియత బృందమనీ, స్నేహం, సాటివారి భయం, ఉమ్మడి ప్రయోజనం కారణంగా దానిలోపల దానంతటదే ఏర్పడే గుంపును అనియత బృందమనీ వ్యవహరిస్తారు. రేపు కూలి రేటు తగ్గిస్తారేమో, కొందరిని పనిలోనుంచి తీసేస్తారేమో అన్న జాగ్రత్త ఆ హద్దు వెనుక ఉన్నది గనుక దానిని సోమరితనంగా కొట్టివేయడం న్యాయం కాదు.

ఇక ప్రేరణ విషయానికి వస్తే, హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లీలండ్ చేసిన కృషి తెలుగువారికి అన్నిటికంటే దగ్గరిది. పనిచేసే మనిషిని నడిపించే కోరికలను ఆయన ప్రధానంగా మూడుగా చూశాడు: ఒక పనిని మునుపటికంటే మెరుగ్గా చేసి చూపాలనే సాధన ప్రేరణ, నలుగురితో మంచిగా ఉండాలనే సాంగత్య ప్రేరణ, ఇతరులపై ప్రభావం చూపాలనే అధికార ప్రేరణ. ఎవరిలో ఏది ఎక్కువో తెలుసుకోవడానికి నేరుగా ప్రశ్నలు అడగకుండా, ఒక బొమ్మ చూపించి దానిపై చిన్న కథ రాయించేవారు. బల్లముందు కూర్చుని నమూనా గీస్తున్న ఇంజనీరు, పక్కనే అతని కుటుంబం ఫొటో ఉన్న బొమ్మను చూసి ఒకరు అతని భార్యాపిల్లల గురించి రాస్తే, మరొకరు అతను కట్టబోయే వంతెన నిలబడే ఉపాయం గురించి రాస్తారు. ఆ తేడాలో రాసినవారి మనసు ఎటు మొగ్గుతున్నదో తెలుస్తుంది. సాధన ప్రేరణ బలంగా ఉన్నవారు జూదగాళ్ళవలె అసాధ్యమైనదాని వెంట పడరనీ, తప్పకుండా గెలిచే సులువైన పనినీ కోరరనీ, తమ నేర్పుతో గెలవగలిగే మధ్యస్థమైన సవాలును ఎంచుకుని ఫలితం ఎట్లా వచ్చిందో వెంటనే తెలుసుకోగోరుతారనీ ఆయన పరిశోధనలు తెలిపాయి. గుంజకు రింగులు విసిరే ఆటలో ఎంత దూరంలో నిలబడాలో ఆడేవారి ఇష్టానికే వదిలినప్పుడు, ఇట్టివారు మరీ దగ్గరా మరీ దూరమూ కాని చోటును ఎంచుకునేవారు.

సాధన ప్రేరణ పెద్దవయసులో నేర్పితే వచ్చేదేనా అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మెక్లీలండ్ బృందం ఎంచుకున్న ఊళ్ళలో ప్రధానమైనది కాకినాడ. 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో, అంటే నేడు యూసఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా ఉన్నచోట, 1964లో మొదలుపెట్టి కాకినాడ వ్యాపారులకు బృందాలవారీగా సుమారు 10 రోజుల శిక్షణ ఇచ్చారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని వేలూరు నుంచి కూడా కొందరు ఈ శిక్షణ పొందారు. పోల్చి చూడడానికి గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రి వ్యాపారుల వివరాలను శిక్షణ లేకుండా సేకరించారు. తరగతుల్లో వ్యాపారులు బొమ్మలపై కథలు రాసి, తాము రాసినదానిలో సాధన ఆలోచన ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో తామే గుర్తించడం నేర్చుకున్నారు. ఆటలు ఆడి, తమ సాహసం ఏపాటిదో తెలుసుకున్నారు. చివరకు ఊరికి తిరిగివెళ్ళాక తమ వ్యాపారంలో చేయదలచుకున్న పనులను కాగితంపై స్పష్టంగా రాసుకున్నారు.

తరువాతి రెండేళ్ళ వివరాలతో మెక్లీలండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రచురించిన గ్రంథం ప్రకారం, శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుకుగా కొత్త వ్యాపారాలు ప్రారంభించారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువ మందికి పని కల్పించారు. కులాచారాల పట్లా, సంప్రదాయాల పట్లా నమ్మకం ఉన్నవారు వెనుకబడలేదన్న అంశం అందులో ప్రత్యేకంగా చెప్పుకోదగినది; మన సంస్కృతి వ్యాపారాభివృద్ధికి అడ్డమని అలవోకగా అనేసేవారు ఈ ఒక్క ఫలితాన్నైనా పట్టించుకోవలసి ఉంది. ఇంతకంటే ముఖ్యమైన ఫలితం మరొకటి ఉంది. మార్పు ప్రధానంగా తమ వ్యాపారంపై తుది నిర్ణయం తమదే అయినవారిలో కనిపించింది. తండ్రి చేతి కిందనో, భాగస్వామి మాట మీదనో నడిచేవారిలో అంతగా కనిపించలేదు. అదే పది రోజుల పాఠం, అవే ఆటలు, అదే ఊరు అయినా, కొట్టు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయన్నది ఫలితాన్ని వేరు చేసింది. హైదరాబాదుకు పిలిపించి విదేశీ ఆచార్యులు శ్రద్ధ చూపినందువల్లనే వారు ఉత్సాహపడ్డారనీ, ఇదీ ఒక హాథార్న్ ప్రభావమేననీ వాదించవచ్చు. శిక్షణ పొందినవారు పదుల సంఖ్యలోనే ఉన్నమాటా నిజం. అయినా అదే శ్రద్ధ అందరికీ అందినప్పుడు అధికారం ఉన్నవారే ముందుకు నడవడాన్ని ఆ వాదం వివరించలేదు.

ఈ అధికారం అనే మాటకు నిర్వహణ శాస్త్రంలో నిర్దిష్టమైన అర్థం ఉంది. నిర్ణయం తీసుకుని, దాన్ని అమలు చేయించే హక్కు అధికారం. అప్పగించిన పనికి జవాబు చెప్పవలసిరావడం బాధ్యత. పై అధికారి తన హక్కులో కొంత కిందివారికి ఇవ్వడం అధికార దత్తత. బాధ్యత ఎంత అప్పగిస్తే అధికారమూ అంత ఇవ్వాలన్నది ఫ్రెంచి గని ఇంజనీరు హెన్రీ ఫేయోల్ 1916లో చెప్పిన సూత్రాల్లో ఒకటి. ఎన్నో సంస్థల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది: తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన చిన్న ఉద్యోగికి ఆ తప్పును ఆపే హక్కు ఉండదు. అట్టి ఉద్యోగికి ఎంత గొప్ప ప్రేరణ ఉపన్యాసం వినిపించినా, అది అతని మనోవ్యథను పెంచడమే అవుతుంది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనూ, అకౌంటెంట్లనూ ప్రశ్నించి 1959లో ప్రకటించిన సిద్ధాంతమూ ఇటే చూపుతుంది. జీతం, గది, గాలి, కంపెనీ నియమాలు బాగాలేకపోతే అసంతృప్తి కలుగుతుందనీ, అవి బాగున్నంతమాత్రాన ఉత్సాహం పుట్టదనీ, ఉత్సాహం పనిలోనుంచి, గుర్తింపులోనుంచి, చేతికందిన బాధ్యతలోనుంచి వస్తుందనీ ఆ సిద్ధాంతం.

అధికారం ఒక్కొక్కరికి గాక ఒక బృందానికి దక్కితే ఏమవుతుందో అహ్మదాబాద్‌లోని క్యాలికో మిల్లుల ప్రయోగం చూపింది. 1952లో అక్కడ ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. కొత్త యంత్రాలు వచ్చినా ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు, నాణ్యతా మెరుగుపడలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థనుంచి వచ్చిన ఎ. కె. రైస్ 1953లో ఆ షెడ్డును పరిశీలించినప్పుడు 224 మగ్గాలపై 29 మంది, 12 రకాల పనుల్లో విడిపోయి కనిపించారు. మగ్గం నడిపేవారు ఒకరు, కండెలు నింపేవారు మరొకరు, పెద్దఎత్తున పడుగు తెగితే అతికేవారు ఇంకొకరు, నూనె వేసేవారు, ఊడ్చేవారు, గుడ్డ మోసేవారు వేరు వేరు. ఎవరెన్ని మగ్గాలు చూడాలన్నది గడియారం లెక్కలతో విడివిడిగా నిర్ణయించినందువల్ల ఆ సంఖ్యలు ఒకదానితో ఒకటి కుదరలేదు. ఒక నేతగాడికి ఫలానా సహాయకుడు తనవాడని చెప్పుకునే వీలుగానీ, ఆ సహాయకుడికి తన పని ఫలానావారికి తోడ్పడుతున్నదన్న భావంగానీ కలిగే అవకాశం లేకపోయింది. వారు కలిసికట్టుగా లేకపోవడానికి కారణం వారి స్వభావం కాదు, ఆ అమరికే. ప్రతి తగవూ, ప్రతి ఆలస్యమూ పర్యవేక్షకుని నెత్తినే పడేది.

ఒక్కొక్క మగ్గాల గుంపును ఒక చిన్న బృందానికి పూర్తిగా అప్పగించాలన్న ఆలోచన చర్చకు రాగానే పనివారు, పర్యవేక్షకులు దానిని తమదిగా తీసుకున్నారు. ఏడుగురేసి చొప్పున నాలుగు బృందాలు ఏర్పడ్డాయి. ఎవరితో ఎవరు కలవాలో పనివారే ఎంచుకున్నారు. బృందంలో ఒకరి పని మరొకరు అందుకోవడం మొదలైంది. యంత్రాన్నీ మనుషుల సంబంధాలనూ కలిపి ఒకే ఏర్పాటుగా చూసే ఈ దృష్టిని సామాజిక-సాంకేతిక వ్యవస్థా సిద్ధాంతమనీ, తన పనిని తానే పంచుకుని నడుపుకునే ఇట్టి గుంపును స్వయంపాలక బృందమనీ అంటారు. తొలినాళ్ళలో తొందరపాటువల్ల పాడైన గుడ్డ ఎక్కువైనా, సర్దుబాట్ల తరువాత ఉత్పత్తి మునుపటికంటే పెరిగి, నష్టం తగ్గి నిలకడపడింది. మగ్గాలు మారలేదు, మనుషులూ దాదాపు అదే షెడ్డువారు. రైస్ ఈ వివరాలను 1958లో గ్రంథంగా ప్రచురించాడు.

ఈ విజయం అన్నిచోట్లా నిలవలేదు. రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ మళ్ళీ అక్కడి షెడ్డులను పరిశీలించి 1975లో ప్రకటించిన వివరాలను బట్టి, ఒకచోట బృంద పద్ధతి దాదాపు చెక్కుచెదరకుండా కొనసాగింది. మిగిలినచోట్ల ఏళ్ళు గడిచేకొద్దీ పనులు మళ్ళీ విడివిడిగా చీలి, పర్యవేక్షకుని పాత పెత్తనం తిరిగివచ్చింది. బయటి ఒత్తిళ్ళు, ఉత్పత్తిలో మార్పులు, మనుషుల కొరత బృందం మీద నేరుగా పడకుండా కాచుకునే బాధ్యత పై నిర్వాహకులదే. ఆ కాపుదల సడలినచోట తగవులు, ఆలస్యాలు తిరిగి పర్యవేక్షకుని దగ్గరకే చేరాయి.